ఇంటి చుట్టూ ప్రహరీ, కంచె ఎలా వేయాలి: నల్లగొండ, పాలమూరు వైపు ఇల్లు కట్టుకునేవాళ్లకు

మా గేటు బయట, మోరీకి ఇవతల, నేలలో ఒక ఇటుకల వరస కనిపిస్తుంది. వాన పడితే దాని వెనక నీళ్లు నిలుస్తాయి. పిల్లలు దాని మీంచి గెంతుతారు. ఎవరైనా అడిగితే "అది మా పాత గోడ" అని చెప్తాను. నల్లగొండ శివార్లలో 200 గజాల ప్లాటు కొన్నాక మేస్త్రి "సార్, మోరీ దాకా మనదే, పక్కాయన కూడా అక్కడికే కట్టిండు" అన్నాడు. నేను తలూపాను. గోడ 5 అడుగులు లేచింది, గేటు కూడా బిగించాం. ఆ తర్వాత కొలతకు వచ్చినవాళ్లు గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత కొట్టి, 3 అడుగులు వెనక్కి జరపాలన్నారు. పక్కాయన గోడ మీద కూడా గీత పడింది. అయినా నా ఇటుకలు నాకు తిరిగి రాలేదు కదా.

కంచె అనగానే మనందరికీ దొంగలు, కుక్కలు, కోతులు, ఖాళీ ప్లాటైతే కబ్జా టెన్షన్ గుర్తొస్తాయి. అందుకే ముందు ఎత్తు గురించి, ముళ్ల తీగ గురించి మాట్లాడుకుంటాం. నేను చూసిన గొడవల్లో మాత్రం ఎత్తు వల్ల వచ్చినవి చాలా తక్కువ. గోడ ఏ గీత మీద నిలబడింది అన్న దగ్గరే దాదాపు అన్నీ మొదలయ్యాయి. కాబట్టి మేస్త్రిని పిలవడం ఆఖరున పెట్టుకోండి.

కాగితాల్లో హద్దులు చదవండి

రిజిస్ట్రేషన్ కాగితం తీసి, డబ్బు రాసిన పేజీ కాకుండా నాలుగు దిక్కుల హద్దులు రాసిన పేజీ చూడండి. "తూర్పు: 30 ఫీట్ల రోడ్డు, పడమర: ఫలానా నంబరు ప్లాటు" అని ఉంటుంది. ఇప్పుడు టేపు పట్టుకుని వెళ్లి ఆ రోడ్డు వెడల్పు కొలవండి. చాలా వెంచర్లలో కాగితం మీద 30 అడుగులున్న రోడ్డు నేల మీద 24, 25కి తగ్గి ఉంటుంది. ఇటు వరస వాళ్లు కొంత, అటు వరస వాళ్లు కొంత ముందుకు జరిగి ఉంటారు. మీరు కూడా వాళ్ల వరసలోనే కట్టారంటే ఆ తప్పులో మీకూ వాటా ఉన్నట్టే.

లేఅవుట్ కాపీ ఒకటి సంపాదించండి. డీటీసీపీ (పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) అనుమతి ఉన్న లేఅవుట్ అయితే రోడ్లు, పార్కు స్థలం, ప్లాట్ల కొలతలు అందులో స్పష్టంగా ఉంటాయి. అనుమతి లేని వెంచర్‌లో కొని ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్‌ను క్రమబద్ధం చేసే ఫీజు) కట్టుకున్నవాళ్లు ఆ ప్రొసీడింగ్స్ కాగితాన్ని, దానికి జతచేసిన ప్లాన్‌ను దగ్గర పెట్టుకోండి. రోడ్డు కోసం ఎంత జాగా వదలాలో దాంట్లోనే ఉండొచ్చు.

ఊరి నడిమధ్య గ్రామకంఠంలో ఉన్న పాత ఇల్లైతే కథ వేరు. అక్కడ ఇంటింటికీ సర్వే నక్షా దొరకదు. పంచాయతీ రికార్డులో ఇంటి నంబరు, పాత కాగితాల్లో "ఉత్తరం: ఫలానా వారి ఇల్లు" అన్న మాట, పక్కింటి పాత మట్టిగోడ, వీటితోనే హద్దు తేలాలి. అలాంటి చోట పాత గోడ పడగొట్టకముందే దాన్ని కొలిచి, ఫొటోలు తీసి, పక్కవాళ్లకు చూపించండి. పడగొట్టాక గోడ ఎక్కడుండేదో ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తుంటుంది.

కొలత

సర్వే నంబరు హద్దు వేరు, ప్లాటు హద్దు వేరు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని మండల సర్వేయర్ చుట్టూ తిరుగుతారు. ప్రభుత్వ సర్వేయర్ టిప్పన్ (సర్వే కొలతల నక్షా) చూసి సర్వే నంబరు గట్టు ఎక్కడో తేలుస్తాడు. ఆ నంబరు లోపల మీ 47వ ప్లాటు ఎక్కడ మొదలవుతుందో లేఅవుట్ ప్లాన్ చూసి కొలుచుకోవాలి. మీ ప్లాటు వెంచర్ చివర ఉండి, అవతల రైతు పొలం ఉంటే మాత్రం సర్వే తప్పదు. మీసేవలో హద్దుల సర్వేకు దరఖాస్తు పెట్టండి, చుట్టుపక్కల వాళ్లకు నోటీసు అందేలా చూడండి. నోటీసు లేకుండా, పక్క రైతు లేనప్పుడు పాతిన రాయి రాత్రికి రాత్రే లేచిపోతుంది. వెంచర్ నడుమ ప్లాటైతే ప్రైవేటుగా లైసెన్స్‌డ్ సర్వేయర్‌ను పెట్టుకున్నా సరిపోతుంది.

మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ప్లాటు 30 అడుగులకు 60 అడుగులు అనుకోండి, అంటే 200 గజాలు. నాలుగు మూలల్లో మేకులు కొట్టి, మూల నుంచి మూలకు అడ్డంగా టేపు పట్టండి. రెండు అడ్డ కొలతలూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. ఒకటి 68, ఇంకొకటి 66 వచ్చిందంటే నాలుగు పక్కలా కొలత సరిగ్గా ఉన్నా ప్లాటు వాలిపోయి ఉందని అర్థం. ఆ వాలు ఎవరో ఒకరి జాగాలోకి పోతుంది. మా ప్లాటును రెండోసారి కొలిచినప్పుడు వెనక మూలలో సర్కారు తుమ్మ నరికితే పాత లేఅవుట్ రాయి బయటపడింది, తల మీద పసుపు రంగు ఇంకా కాస్త అంటుకునే ఉంది. దాన్ని ముందే వెతికి ఉంటే గోడ రెండుసార్లు కట్టేవాణ్ణి కాదు.

హద్దు తేలిన రోజే నాలుగు మూలల్లో కడీలు (రాతి లేదా సిమెంటు స్తంభాలు) పాతించండి. పక్క ప్లాట్ల వాళ్లను నిలబెట్టి ఫొటో తీయండి, కొలతల కాగితం మీద సంతకాలు తీసుకోండి. హైదరాబాద్‌లో ఉంటూ జడ్చర్ల, చిట్యాల, దేవరకొండ వైపు ప్లాట్లు కొన్నవాళ్లు ఈ పని ఫోన్ మీద చేయించొద్దు. ఒక ఆదివారం వచ్చి ఎండలో నిలబడండి.

రోడ్డు వైపు గీత

మూడు పక్కలా గోడ మీ హద్దు మీద లేస్తుంది. రోడ్డు వైపు మాత్రం హద్దు ఒక్కటే చూస్తే సరిపోదు. రాష్ట్రంలో భవన నిర్మాణ నిబంధనలు 2012 నాటి జీవో 168 నుంచి వచ్చాయి. దాని ప్రకారం మామూలు ఇళ్లకు ముందున్న రోడ్డు 9 మీటర్లు, పాత బస్తీ, గ్రామకంఠం లాంటి ఇరుకు చోట 6 మీటర్లు ఉండాలి. అంత లేకపోతే రోడ్డు నడిమధ్య నుంచి అందులో సగం, అంటే 4.5 మీటర్లు లేదా 3 మీటర్లు వదిలి ఆ వెనక నుంచి మీ స్థలం లెక్క మొదలుపెట్టాలి. ఇంటికి వదిలే సెట్‌బ్యాక్ (హద్దుకూ ఇంటి గోడకూ మధ్య ఖాళీ) కూడా ఆ గీత నుంచే. రోడ్డుకు వదిలిన జాగాలో ప్రహరీ కడితే మా ఎర్ర గీత లాంటిదే మీకూ పడుతుంది.

పట్టణంలో ఉన్నవాళ్లు మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డు ఎంతకు పెరగబోతోందో మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు హైవే, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా పోయే 44, జడ్చర్ల నుంచి కల్వకుర్తి, దేవరకొండ, మిర్యాలగూడ వైపు వెళ్లే 167, నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా సాగర్ వైపు వెళ్లే 565, వీటి పక్కన స్థలం ఉన్నవాళ్లు హైవే వాళ్ల హద్దు రాళ్లు ఎక్కడున్నాయో ముందు చూసుకోవాలి. అక్కడ పంచాయతీ ఒప్పుకున్నా సరిపోదు.

చెరువు, వాగు పక్కన స్థలమైతే బఫర్, అంటే ఏమీ కట్టని ఖాళీ జాగా, వదలాల్సిందే. 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలా, కాలువకు 9 మీటర్లు, దాని లోపు వెడల్పున్న వాటికి 2 మీటర్లు. ఎండాకాలంలో ఎండిన కుంటను చూసి "ఇక్కడ నీళ్లెక్కడివి" అని అమ్మేవాడు అంటాడు. మన వైపు కుంటలు మూడేళ్లు ఎండి నాలుగో ఏడు అలుగు దుంకుతాయి, అది అమ్మేవాడికీ తెలుసు.

ఎవరిని అడగాలి

ఇల్లూ ప్రహరీ కలిపి కడుతుంటే ప్రహరీని కూడా ఇంటి ప్లాన్‌లోనే చూపించండి. గేటు ఎక్కడ, ఎంత ఎత్తు, మూల ఎలా కోస్తున్నారు అన్నవి డ్రాయింగ్‌లో ఉండాలి. పట్టణాల్లో అనుమతులు 2020 నుంచి టీఎస్ బీపాస్ చట్టం కింద ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు లోపు ఇల్లైతే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల ఎత్తు లోపు ఇల్లు అయితే మీ సొంత ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. అంతకు మించితే 21 రోజుల గడువుతో సింగిల్ విండో.

సొంత ధ్రువీకరణ అంటే తేలికైపోయిందని అనుకోవద్దు. బరువంతా మన మీద పడింది. రాసిచ్చింది తప్పని తేలితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలో ఉంది. కాబట్టి ఫారం నింపేవాడికి పాస్‌వర్డ్ ఇచ్చేసి చాయ్ తాగడానికి పోకండి. రోడ్డు వెడల్పు గడిలో ఏం రాశాడో మీ కళ్లతో చూడండి.

ఊళ్లలో పంచాయతీ కార్యదర్శిని కలవాలి. ఇల్లు ఇప్పుడే కట్టకుండా ఖాళీ ప్లాటుకు కంచె ఒక్కటే వేస్తున్నా, హద్దుల కాపీ జతచేసి ఒక దరఖాస్తు ఇచ్చి, రసీదు మీద ముద్ర వేయించుకోండి. రేపు ఎవరైనా "రోడ్డు ఆక్రమించారు" అని ఫిర్యాదు చేస్తే ఆ ముద్ర పనికొస్తుంది.

ఎంత ఎత్తు

ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునేది జాతీయ బిల్డింగ్ కోడ్. అందులో ప్రహరీ ఎత్తు ముందున్న రోడ్డు నడిమధ్య మట్టం నుంచి 1.5 మీటర్లు, అంటే దాదాపు 5 అడుగులు. 2.4 మీటర్లు, సుమారు 8 అడుగుల దాకా పోవచ్చు గానీ, పైన 0.9 మీటర్లు, అంటే 3 అడుగులు, గాలీ చూపూ దాటేలా గ్రిల్ లేదా జాలీ ఉండాలి. ఇంకా ఎక్కువ కావాలంటే ప్రత్యేకంగా అనుమతి అడగాలి.

మూల మీద ప్లాటైతే మలుపు దగ్గర రెండు వైపులా 10 మీటర్ల పొడవున నిండు గోడ 0.75 మీటర్లు, రెండున్నర అడుగులు దాటకూడదు. దాని మీద ఇంకో 0.75 మీటర్లు రెయిలింగ్ పెట్టుకోవచ్చు. ఎందుకో ఒకసారి స్కూల్ వదిలే టైముకు గల్లీ మూల మీద నిలబడి చూడండి. నిండు గోడ ఉన్న మూలలో బండి మీద వచ్చేవాడికి ఎదురుగా వచ్చే సైకిల్ ఆఖరు నిమిషం దాకా కనిపించదు.

కొలత రోడ్డు మట్టం నుంచి అన్నది ఎందుకు ముఖ్యమంటే, మన గల్లీల్లో పాత సీసీ రోడ్డు మీదే కొత్త సీసీ పోస్తారు. పోసినప్పుడల్లా రోడ్డు అర అడుగు లేస్తుంది, గోడ అర అడుగు పొట్టిదవుతుంది. మొదటి నుంచీ పునాది బీము బలంగా వేసుకుంటే తర్వాత పైన గ్రిల్ కలుపుకోవచ్చు.

ఇంకో మాట. నిండు గోడ ఎంత ఎత్తుంటే దొంగకు లోపల అంత మరుగు. గోడ దూకిన తర్వాత వాణ్ణి ఎదురింటివాళ్లు చూడలేరు. 5 అడుగుల గోడ, పైన గ్రిల్, వాకిట్లో ఒక లైటు, ఎదురింటివాళ్లతో మాటా మంచీ ఉంటే నా దృష్టిలో 9 అడుగుల గోడ కంటే నయం.

పక్కవాళ్లతో

ఉమ్మడి గోడ కడుతున్నారా, ఎవరి జాగాలో వాళ్లు కడుతున్నారా ముందే తేల్చుకోండి. 9 అంగుళాల గోడను హద్దు గీత మీద చెరి నాలుగున్నర అంగుళాలు పెట్టి, ఖర్చు సగం సగం పంచుకుంటే జాగా మిగులుతుంది. కానీ ఆ మాట కాగితం మీద ఉండాలి. గోడ ఎవరి హద్దులో ఉంది, ఎవరెంత ఇచ్చారు, రేపు ఒకరు దాని మీద గది లేపొచ్చా లేదా, ఇవన్నీ రాసుకుని ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు పెట్టండి. జాగా మీద హక్కే మారేటట్టుంటే మామూలు స్టాంపు కాగితం చాలదు, రిజిస్ట్రేషన్ కావాలి.

గీత మీ వైపు జరిగితే మీ జాగా పోతుంది, అటు జరిగితే పక్కవాళ్ల జాగాలో మీరున్నట్టు. ఒక స్థలాన్ని 12 ఏళ్ల పాటు బహిరంగంగా, అసలు హక్కుదారుకు వ్యతిరేకంగా అనుభవిస్తే తిరిగి రాబట్టుకోవడం కష్టమయ్యే పరిస్థితి లిమిటేషన్ చట్టంలో ఉంది. దారి, నీళ్ల పారుదల లాంటి హక్కులు 20 ఏళ్లు ఆటంకం లేకుండా వాడుకుంటే స్థిరపడతాయి, ప్రభుత్వ స్థలమైతే 30 ఏళ్లు. మీ ప్లాటు మీదుగా పక్క పొలానికి ఎప్పటి నుంచో బాట ఉంటే, లేదా వాన నీళ్లు పోయే వంపు ఉంటే, కంచె వేసేముందు దాని సంగతి మాట్లాడుకోండి. రాత్రికి రాత్రి మూసేస్తే పొద్దున పెద్దమనుషుల పంచాయితీ మీ ఇంటి ముందే.

పక్కాయన కోర్టుకు పోతాడన్న అనుమానం ఉంటే వకీలుతో కేవియట్ వేయించండి. 90 రోజుల వరకు మీకు చెప్పకుండా, మీ మాట వినకుండా స్టే ఇవ్వకుండా అది కాపాడుతుంది. ఠాణాకు పరిగెత్తడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు, హద్దు తగాదా అంటే సివిల్ కోర్టుకు పొమ్మనే అంటారు. కొట్లాట జరిగితేనే వాళ్ల పని.

ఏ రకం కంచె

ఖాళీ ప్లాటుకు నిండు గోడ దండగ. కడీలు పాతి జాలీ వేయించండి. 8 నుంచి 10 అడుగులకు ఒక కడీ, 7 అడుగుల కడీ అయితే 2 అడుగులు భూమిలోకి, చుట్టూ కాంక్రీటు. మూల కడీలకు, గేటు కడీలకు రెండు వైపులా ఏటవాలుగా సపోర్టు పెట్టకపోతే జాలీ లాగినప్పుడు అవి లోపలికి వంగుతాయి. చైన్ లింక్ జాలీ కొనేటప్పుడు గేజ్ అడగండి. నంబరు తగ్గితే తీగ లావు, 10 గేజ్ 12 కంటే బలం. జింకు పూత సరిగ్గా లేనిది రెండు వానాకాలాలకే తుప్పు పడుతుంది.

ప్రీకాస్ట్ గోడ, అందరూ రెడీమేడ్ కాంపౌండ్ అనేది, రెండు రోజుల్లో లేస్తుంది. దాన్ని నిలబెట్టేది నిలువు స్తంభాల కింద గుంత లోతే. కూలీలు సాయంత్రానికి అయిపోవాలని అడుగున్నర తవ్వి మట్టి కప్పేస్తారు. మే నెల గాలి దుమారానికి వరసకు వరస పడుకుంటుంది. గుంతలు తవ్వేటప్పుడు అక్కడే నిలబడండి, టేపు దింపి చూడండి.

ఇటుక గోడకు భూమి ముఖ్యం. మన దగ్గర చాలా చోట్ల ఎర్ర చెల్క, కింద మొరం తగులుతుంది, అది మంచిదే. కృష్ణా నది దగ్గరి నల్లరేగడిలో మాత్రం ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల గోడను నిలువునా చీలుస్తుంది. అక్కడ రేగడి దాటేదాకా పునాది తీసి, మీద ప్లింత్ బీము వేసి, 10, 12 అడుగులకో పిల్లర్ ఇవ్వాలి. ఎక్కడైనా సరే, గోడ అడుగున నీళ్లు పోయే తూములు వదలండి. మీ వాకిట్లో నిలిచిన నీళ్ల బరువుకే గోడ కూలుతుంది.

గోడ మీద గాజు పెంకులు గుచ్చడం పాత అలవాటు. నాకు ఇష్టం లేదు. దొంగ ఒక గోనె సంచి మడిచి వేసి దాటుతాడు, బంతి కోసం ఎక్కిన పిల్లవాడి చేయి మాత్రం కోసుకుంటుంది. ముళ్ల తీగ వేస్తే చేతికి అందని ఎత్తులో, మీ లోపలి వైపుకు వంచిన యాంగిల్స్ మీద వేయండి. రోడ్డు మీదికీ, పక్కవాళ్ల జాగా మీదికీ ఒక్క ముల్లు కూడా వాలకూడదు. కోతులకు ఇవేవీ లెక్కకు రావు. వాటి కోసం కిటికీలకూ, వెంటిలేటర్లకూ జాలీ వేసుకోవడం తప్ప కంచెతో అయ్యే పని కాదు.

కరెంటు కంచె

ఇది నెమ్మదిగా చదవండి. ఇంటి కరెంటును గానీ, పొలం మోటారు లైను నుంచి తీగను గానీ కంచెకు కలపకూడదు. రాత్రి పూటే అని, అడవి పందుల కోసమే అని, "మెయిన్ ఆఫ్ చేయడం మర్చిపోను" అని ఎన్ని చెప్పుకున్నా కలపకూడదు. అలా కలిపిన తీగకు తగిలేది పందే అన్న నమ్మకం లేదు. నీళ్లు పెట్టడానికి పోయిన పక్క రైతు కావచ్చు, మీ ఇంటి మనిషే కావచ్చు. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద నిర్లక్ష్యంతో చావుకు కారణమైనందుకు 5 ఏళ్ల దాకా జైలు. చావొస్తుందని తెలిసే పెట్టారని తేలితే 105 సెక్షన్, అది యావజ్జీవం దాకా పోతుంది. దొంగ కరెంటు వాడినందుకు విద్యుత్ చట్టం 135 కింద 3 ఏళ్ల దాకా శిక్ష వేరే. తగిలింది అడవి జంతువైతే అటవీ శాఖ కేసు దానికి తోడు.

సోలార్ ఫెన్సింగ్ అని అమ్మేది వేరే పద్ధతి. దానికి ఎనర్జైజర్ అనే డబ్బా ఉంటుంది. బ్యాటరీ నుంచి తీసుకుని, నిరంతర కరెంటు కాకుండా సుమారు సెకనుకు ఒకసారి క్షణకాలపు దెబ్బ మాత్రమే తీగలోకి వదులుతుంది. వోల్టు వేలల్లో ఉన్నా ఆ దెబ్బలో శక్తి చాలా తక్కువ. గట్టిగా జలదరిస్తుంది, చేయి వెనక్కి వస్తుంది. ఈ డబ్బాలకు భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 302లో రెండో పార్ట్ 76వ సెక్షన్. కొనేటప్పుడు డబ్బా మీద ఆ నంబరు చూపించమనండి. చూపించలేకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. స్థానికంగా ఇన్వర్టర్ విప్పి తయారుచేసిన డబ్బాలు తిరుగుతున్నాయి, వాటిని ముట్టుకోవద్దు.

బిగించేటప్పుడు ముళ్ల తీగకు ఈ కరెంటు ఎప్పుడూ ఇవ్వకూడదు, సాదా తీగకే. ముల్లుకు బట్ట చిక్కుకున్న మనిషి చేయి వెనక్కి తీసుకోలేడు, సెకను సెకనుకూ దెబ్బ తింటూనే ఉంటాడు. ఎర్త్ రాడ్ విడిగా కొట్టాలి, ఇంటి ఎర్తింగ్‌కు 10 మీటర్ల దూరంలో. ఇంటి ప్రహరీ మీద వేస్తే తీగలు చేతికందే ఎత్తులో ఉండకూడదు, రోడ్డున పోయేవాడికి అనుకోకుండా తగలకూడదు. పసుపు రంగు హెచ్చరిక బోర్డులు గేటు దగ్గరా, గోడ పొడవునా 10 మీటర్లకు ఒకటి చొప్పున పెట్టండి, కనీసం 20 సెంటీమీటర్లకు 10 సెంటీమీటర్లు. బోర్డు మీద తెలుగులోనూ రాయించండి, చదవలేనివాళ్ల కోసం చేతికి మెరుపు తగిలే బొమ్మ కూడా ఉండాలి. పెట్టిన రోజు పక్కింటి పిల్లలను పిలిచి చూపించి చెప్పండి.

మామూలు జాలీ కంచెకైనా కరెంటు భయం ఉంది. సర్వీసు వైరును కడీకి చుట్టడం, గేటు లైటు వైరును జాలీ మీదుగా లాగడం రోజూ చూస్తుంటాం. పైపొర ఎక్కడో ఒరుసుకుపోతుంది, వానలో కంచె మొత్తం షాక్ కొడుతుంది. వైరును పైపులో వేసి విడిగా తీసుకెళ్లండి.

తల పైన లైను

గోడ ఏ గీతలో లేస్తుందో ఆ గీత పైన ఆకాశం చూడండి. కిందుగా పోయే మామూలు కరెంటు లైనుకు నిలువుగా 2.5 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు దూరం ఉండాలి. 11 కేవీ లైనుకు నిలువుగా 3.7 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు. గోడ పూర్తయ్యాక దూరం సరిపోయినా, కట్టేటప్పుడు ఇనుప పైపు నిలబెట్టే కూలీకి అది సరిపోదు. 20 అడుగుల పైపును ఇద్దరు పైకి లేపితే దాని కొస ఎటు ఊగుతుందో చెప్పలేం. అలాంటి చోట ముందే కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలిపించి, పని చేసే గంటలు లైను ఆపించుకోండి. తీగ మీ ప్లాటు మీదుగానే పోతుంటే దాన్ని జరపడానికి కరెంటు సంస్థ ఎస్‌పీడీసీఎల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఖర్చు మనదే, కొన్నిసార్లు నెలలు పడుతుంది. కాబట్టి మేస్త్రికి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ పని మొదలుపెట్టండి.

గేటు, ర్యాంపు

గేటు లోపలికే తెరుచుకోవాలి. బయటికి తెరిచే గేటు రోడ్డు మీదికి వస్తుంది, బండి మీద పోయేవాడికి తగిలితే తప్పు మీదే. వాకిట్లో జాగా లేకపోతే పక్కకు జరిగే స్లైడింగ్ గేటు పెట్టుకోండి. దాని పట్టాలో ఇసుక, ఎండుటాకులు చేరతాయి, వారానికోసారి ఊడవాలి.

మోరీ మీద ర్యాంపు వేసేటప్పుడు గేటు వెడల్పు మేరకే వేయండి, కింద పైపు పెట్టి మూసేయకండి. ఒకటి రెండు చోట్ల తీసి పెట్టగల బండలు ఉంచండి. మోరీ తీసేవాళ్లు లోపలికి చేయి పెట్టగలగాలి. మా గల్లీలో మోరీ పొంగేది ఒకే చోట, పక్కాయన ర్యాంపు దగ్గర. ఆయన ర్యాంపు పాత గోడ దాకా పోసుకున్నాడు, ఎర్ర గీత పడ్డ గోడ ఇంకా అక్కడే ఉంది. వాన పడ్డ రాత్రి ఇద్దరం టార్చి లైట్లు పట్టుకుని బయటికొస్తాం. ఆయన కర్రతో పొడుస్తుంటే నేను వెలుగు చూపిస్తాను.